ఊరు కొట్టుడు ఈజీ, నిలబెట్టుకునుడే కష్టం: సివిలైజేషన్ 6 కంప్యూటర్ గేమ్‌ల లాయల్టీ లొల్లి

మల్కాజిగిరి_మొండోడు: నిన్న రాత్రి రెండింటిదాంక కూసొని పక్క దేశపోడి సిటీ కొట్టిన, నాలుగు క్రాస్‌బోలు ఒక కాటపుల్ట్, గోడలు పడగొట్టనీకే పావుగంట పట్టింది. తీస్కున్నంక ఏమైంది? చుట్టూ వాడి పెద్ద ఊర్లే ఉండె, లాయల్టీ, అంటే ఊరి జనానికి మన మీదుండే నమ్మకం, టర్న్ టర్న్‌కి కారిపోయి ఐదో టర్న్‌ల ఎవ్వరి కిందా లేని ఫ్రీ సిటీ అయి కూసుంది, అండ్లకెళ్లి పుట్టిన సైన్యం మళ్ల నా క్రాస్‌బోల మీదనే పడ్డది. 2018ల రైజ్ అండ్ ఫాల్ ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పటి సంది గిదే పరేషాన్. కత్తి పట్టినోడికి విలువ లేదా భాయ్?

నిజాంపేట_నైట్‌షిఫ్ట్: గవర్నర్‌ని పెట్టారా లేదా ముందు అది చెప్పండి బ్రో. 9 గడుల లోపల ఉన్న జనాభా అంతా తమ దేశం వైపు లాగుతుంది కదా, గవర్నర్ కూర్చుంటే లాయల్టీకి ప్లస్ 8 వస్తుంది, కుదురుకోడానికి విక్టర్ అనే గవర్నర్‌కి అయితే 3 టర్న్‌లు చాలు, మిగతావాళ్ళకి 5. అంచున ఉన్న చిన్న ఊరు కొట్టి ఆగిపోతే పోక ఏమవుతుంది, పక్కన పెద్దదాన్ని కూడా వెంటనే లేపేయాలి. ఇంతకీ మీరు గేమ్‌లో ఏ ఏజ్‌లో ఉన్నారు, గోల్డెనా, నార్మలా, డార్కా?

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కట్: మీకు 6 కష్టంగా ఉందా, 2001లో వచ్చిన సివ్ 3 ఆడండి తమ్ముడూ. పక్కోడి కల్చర్ వల్ల సిటీ అటు తిరిగిందా, లోపల కాపలా పెట్టిన దళాలన్నీ దాంతోపాటే మాయం, అడిగే దిక్కు లేదు. దాంతో పోలిస్తే ఇప్పటిది చాలా మర్యాద. అయినా మన ఊర్లోనే చూడండి, 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడేసి, లోపలోడు తలుపు తీస్తే గోల్కొండలోకి వచ్చాడు, 1724 కల్లా దక్కన్ సుబేదారే, అంటే మొగలుల గవర్నరే, సొంత దుకాణం పెట్టేశాడు. గవర్నర్ ఉన్నా గ్యారంటీ లేదు!

మల్కాజిగిరి_మొండోడు: అన్నా నవ్వొచ్చింది గానీ, నా బాధ వేరే. చుట్టూ జనాభా లాగొద్దు అంటలేను, లాగనీ. లోపల సైన్యం కూసుంటే ఇంకొంచెం వజన్ ఉండాలె అంటున్న. సివ్ 5ల పప్పెట్ చేసి, అంటే ఊరు మనదే గానీ నడిపేది గేమే, పక్కన పెట్టేటోళ్లం, హ్యాపీనెస్ దెబ్బ తగిలినా ఊరైతే చేతుల ఉండేది.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్: అలా చేస్తే రష్ కొట్టినోడే, అంటే సైన్యంతో ముందే మీద పడినోడే, ప్రతిసారీ గెలుస్తాడు, మ్యూజియంలు కట్టేవాడు ఎందుకు ఆడాలి? ఏ ఏజ్ అని అడిగాను, చెప్పలేదు మీరు. అవతలోడిది గోల్డెన్ అయితే వాడి జనం బలం ఒకటిన్నర రెట్లు, మీది డార్క్ అయితే సగమే.

మల్కాజిగిరి_మొండోడు: …డార్క్.