సూపర్ 8 కెమెరాతో మైపాడు నుంచి కొత్తపట్నం దాకా: ఏ ఫిల్ము కొనాలి, ఏం చూసుకోవాలి?

పెన్నాతీరం (నెల్లూరు), ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఓడలో ఉద్యోగం చేసే రోజుల్లో సింగపూర్‌లో కొన్న కెనాన్ సూపర్ 8 మూవీ కెమెరా (8 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ము మీద సినిమా తీసేది), దానితోపాటు ఒక చిన్న ప్రొజెక్టరు, ఇన్నేళ్లూ అటక మీదే ఉండి, మొన్న ఇల్లు మారేటప్పుడు నా చేతికి వచ్చాయి. ప్రొజెక్టరులో బల్బు ఇంకా వెలుగుతోంది. ఆయన తీసిన పాత రీలు ఒకటి గోడకు తెల్ల పంచె కట్టి వేసి చూస్తే, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటున్న జనం రంగుల్లో కనిపించేసరికి ఇంటిల్లిపాదీ మాటలు మానేసి చూశాం. అప్పటినుంచి ఈ కెమెరాతో ఒక ప్రయాణం తీయాలని మనసు పీకుతోంది.

సంక్రాంతి దాటాక మైపాడు తీరం, ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు, ఉదయగిరి కోట, భైరవకోన, చివరికి ఒంగోలు పక్కన కొత్తపట్నం, ఈ వరుసలో తిరగాలని అనుకుంటున్నాను. రెండు కార్ట్రిడ్జులకు (ఫిల్ము చుట్టి ఉండే డబ్బాలకు) మించి కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు. ఏ ఫిల్ము తీసుకోవాలో, ఇంత పాత కెమెరాను నమ్మే ముందు ఏమేం పరీక్షించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. కెమెరా తోలు సంచిలో వాడేసిన కొడాక్రోమ్ (కొడాక్ వారి పాత రంగుల ఫిల్ము) కార్ట్రిడ్జు ఒకటి కడిగించకుండా మిగిలిపోయింది. దానిని ఇప్పుడైనా కడిగించే మార్గం ఉందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

పాతరీలు (ఒంగోలు), జవాబు:

ముందు కొడాక్రోమ్ సంగతి. ఆ ఫిల్ముకు దానిదైన ప్రత్యేక రసాయన పద్ధతి ఉండేది, రంగులు ఫిల్ములో కాకుండా కడిగేటప్పుడే వచ్చి చేరేవి. ప్రపంచంలో దానిని కడిగిన చివరి ల్యాబు, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్నది, 2010 డిసెంబరు ఆఖరుతో కొత్త ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది. కాబట్టి రంగుల ఆశ వదులుకోండి. నలుపు తెలుపుగా కడిగే ల్యాబులు విదేశాలలో ఉన్నాయి. అటక వేడికి బొమ్మ ఎంత మిగిలిందో కడిగాక గానీ తేలదు, అయినా పెదనాన్నగారు ఏం తీశారో తెలియని రీలును పారేయడం మాత్రం సరికాదు.

ఇక కొత్త ఫిల్ము. మీరు అడిగిన ప్రశ్నకు ముందు మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ ప్రయాణాన్ని ఆ పంచె మీద ప్రొజెక్టరుతో చూడాలా, లేక స్కాన్ చేయించి టీవీలోనూ ఫోనులోనూ చూస్తే చాలా? ఈ రోజు కొడాక్ అమ్మే విజన్3 రకాలు, అంటే 50డి, 200టి, 500టి, అన్నీ నెగటివ్ ఫిల్ములే (అంకె ఫిల్ము స్పీడు, అంటే వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెబుతుంది; డి అంటే పగటి వెలుగుకు, టి అంటే బల్బు వెలుగుకు తయారైనది). వాటిని ప్రొజెక్టరులో పెడితే నారింజ రంగు పొర మీద తలకిందులైన రంగులు కనిపిస్తాయి తప్ప బొమ్మ కనిపించదు, స్కాన్ తప్పనిసరి. ప్రొజెక్టరులో సరాసరి పెట్టి చూసుకోగలిగినవి రివర్సల్ ఫిల్ములు, అందులో రంగులకు ఎక్టాక్రోమ్ 100డి, నలుపు తెలుపుకు ట్రై-ఎక్స్. అయితే రివర్సల్ ఫిల్ము పంతుళ్ల పంచాంగమంత ఖచ్చితంగా ఎక్స్‌పోజరు (ఫిల్ము మీద పడే వెలుతురు లెక్క) కోరుకుంటుంది, అర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు గాని సగం గాని కావడం) అటూ ఇటూ అయినా పట్టించేస్తుంది. నెగటివ్ మాత్రం ఒకటి రెండు స్టాపులు వెలుతురు ఎక్కువైనా సర్దుకుపోతుంది. వెలుతురు కొలిచే యాభై ఏళ్ల మీటరును నమ్ముకుని వెళ్లే మొదటి ప్రయాణానికి నా ఓటు 50డికే.

దీనికి ఇంకో కారణం మన ఎండ. సూపర్ 8 కెమెరా సెకనుకు 18 ఫ్రేములు తిప్పేటప్పుడు ఒక్కో ఫ్రేముకు సుమారుగా సెకనులో 40వ వంతు సేపు వెలుతురు పడుతుంది, దీనిని మనం మార్చలేము. నిండు ఎండలో 50 స్పీడు ఫిల్ముకే ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగే కొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/16 దాకా మూసుకుపోతుంది, మైపాడు ఇసుక మీద ఇంకాస్త ఎక్కువ. అదే చోట 200 స్పీడు ట్రై-ఎక్స్ పెడితే ఎఫ్/32 కావాలి. ఇంత చిన్న ఫ్రేముకు అంత చిన్న రంధ్రం వాడితే బొమ్మ పదును పోతుంది. 500టి పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే వారు మన తీరం చూడలేదని అర్థం. ఏ ఫిల్ము పెట్టినా వెలుతురును రెండు స్టాపులు తగ్గించే ఎన్‌డి ఫిల్టరు (బూడిద రంగు అద్దం) ఒకటి లెన్సు ముందు బిగించుకోండి. మీటరు లెన్సులోంచే వెలుతురు కొలిచే కెమెరా అయితే లెక్క అదే సర్దుకుంటుంది.

కావలి రిపేర్లు, జవాబు:

ఫిల్ము కొనే ముందు కెమెరా తెరిచి చూడండి. గ్రిప్పులో పెన్సిల్ సెల్సు పెట్టే గదిలో రాగి పట్టీల మీద పచ్చటి చిలుము కనిపిస్తే నిమ్మరసంలో గాని వెనిగరులో గాని ముంచి పిండిన దూది పుల్లతో తుడిచి, ఆరాక పట్టీలను మెల్లగా గీకితే సాధారణంగా కరెంటు పారుతుంది. తర్వాత ఫిల్ము లేకుండానే ట్రిగ్గరు నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి. చప్పుడు ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో బరువెక్కినట్టు సాగితే లోపల గ్రీజు గట్టిపడిందని అర్థం. ఆ స్థితిలో ఖరీదైన కార్ట్రిడ్జు పెట్టవద్దు.

మీటరుకు చాలా కెనాన్ మోడళ్లలో విడిగా బిళ్ల సెల్సు ఉంటాయి. అప్పటివి 1.35 వోల్టుల పాదరసం సెల్సు, ఇప్పుడు తయారు కావడం లేదు. షాపులో ఇచ్చే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ అందులో సరిపోతుంది గాని మీటరు తప్పు చెబుతుంది, పైగా సెల్ అరిగే కొద్దీ ఆ తప్పు మారుతూ పోతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 సైజు జింక్ ఎయిర్ సెల్ 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది, మందుల షాపులో దొరుకుతుంది, చుట్టూ ఒక చిన్న రింగు వేస్తే గదిలో కదలకుండా కూర్చుంటుంది. దాని మీది కాగితం పీకిన క్షణం నుంచి ఆయుష్షు తగ్గడం మొదలవుతుంది కనుక ప్రయాణం ముందు రోజే పీకండి. సెల్ పెట్టాక మేడ మీద నిలబడి, మామూలు డిజిటల్ కెమెరాలో అదే ఫిల్ము స్పీడు (ఐఎస్ఓ), సెకనులో 40వ వంతు పెట్టి, రెండింటి ఎపర్చరు అంకెలనూ ఎండలోనూ నీడలోనూ పోల్చి చూసుకోండి. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే దానిని లెక్కలో కలుపుకోవచ్చు. ఒకసారి ఒకలా, మరొకసారి మరొకలా ఉంటే మీటరును పక్కనపెట్టి మాన్యువల్‌లో తీయడమే మేలు.

లెన్సును టార్చి వెలుగుకు అడ్డంగా పట్టి లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. మన తీరంలో అటక మీద పెట్టిన ప్రతి లెన్సుకూ ఈ బెడద ఉంది. అంచున కొద్దిగా ఉంటే బొమ్మ పాడు కాదు, ఎండకు ఎదురుగా తీసినప్పుడు మాత్రం తెల్లగా మసకేస్తుంది. కార్ట్రిడ్జు గది తలుపు చుట్టూ ఉన్న స్పాంజి వేలు తగలగానే నల్లగా జిగురులా అంటుకుంటే దానిని మొత్తం తీసేసి, తలుపు సందుకు బయటనుంచి నల్ల టేపు వేయండి.

చివరిది, చాలామంది పట్టించుకోనిది. వ్యూఫైండరు కంటిచూపు సర్దుబాటు చేయకుండా ఫోకస్ చేస్తే, మీ కంటికి పదునుగా కనిపించినది ఫిల్ము మీద మసకగా పడుతుంది. ఫోకస్ అనంతానికి పెట్టి, జూమ్ పూర్తిగా దగ్గరికి లాగి, దూరంగా ఉన్న సెల్ టవరును చూస్తూ ఐపీస్ రింగు తిప్పండి. టవరు బాగా పదునుగా కనిపించిన చోట ఆపి, ఆ రింగుకు టేపు వేయండి.

బోగీ కిటికీ, జవాబు:

పై ఇద్దరూ చెప్పినవాటిలో ఒక్కటి కలుపుతాను. కెమెరా మీద సూర్యుడి బొమ్మ, బల్బు బొమ్మ ఉన్న మీట ఉంటుంది. డేలైట్ ఫిల్ము పెట్టి, ఎండలో తీస్తున్నాం కదా అని అందరూ సూర్యుడి వైపు తిప్పుతారు. అది తిరగేసి ఆలోచించాల్సిన మీట. ఆ కాలపు ఫిల్ము బల్బు వెలుగుకు తయారైనది కనుక, సూర్యుడి బొమ్మకు తిప్పితే లోపల నారింజ ఫిల్టరు అడ్డం వస్తుంది. 50డికి ఆ ఫిల్టరు అక్కరలేదు, బల్బు వైపే పెట్టండి. కొన్ని కెమెరాలలో కార్ట్రిడ్జు గాడిని బట్టి ఫిల్టరు దానంతట అదే తప్పుకుంటుంది, అయినా లెన్సులోంచి చూసి ఖాయం చేసుకోండి.

శబ్దం కావాలంటే ఫోనులో విడిగా రికార్డు చేసుకోండి. ధ్వని పట్టీ ఉన్న సూపర్ 8 ఫిల్మును కొడాక్ 1973లో తెచ్చి 1997లో ఆపేసింది. అలల హోరు, ఉప్పు పోగుచేసే పారల చప్పుడు లాంటివి పెదవుల కదలికతో కలవాల్సిన పని లేదు కాబట్టి తర్వాత జోడించుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఫోనులో వీడియో కూడా తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం; ల్యాబులో ఫిల్ము పాడైతే చేతిలో ఏమీ మిగలదు.

పెన్నాతీరం:

అందరికీ ధన్యవాదాలు. సెల్సు గదిలో చిలుము ఉంది, నిమ్మకాయతో పోయింది. మోటారు చప్పుడు నిలకడగానే ఉంది. మీటరు ఎండలోనూ నీడలోనూ ఒకే తీరుగా ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇస్తోంది. ఫోనుతో కూడా తీయడానికి నాకు మనసొప్పడం లేదు, రెండూ పట్టుకుంటే దేనిమీదా శ్రద్ధ ఉండదు. పాతరీలు గారు, మీరు 50డి అన్నారు గాని, ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఆ పంచె మీదే చూడాలని ఉంది. ఒక కార్ట్రిడ్జు 50డి, ఒకటి ట్రై-ఎక్స్ తీసుకుంటే ఏది ఎక్కడ వాడాలి? ట్రై-ఎక్స్ ఇంట్లోనే కడుక్కోవచ్చంటున్నారు, అది మనకు అయ్యే పనేనా?

పాతరీలు:

మంచి ఆలోచన. అయితే సూపర్ 8 కార్ట్రిడ్జును సగంలో బయటికి తీస్తే ఒకటి రెండు ఫ్రేములు వెలుతురు తగిలి పాడవడమే కాక ఫుటేజి లెక్క సున్నాకు వెళ్లిపోతుంది, వెనక్కి తిప్పడమూ కుదరదు. అందుకని చోట్లను విడదీయండి. మైపాడు, ఇస్కపల్లి 50డికి. ఉదయగిరి, భైరవకోన ట్రై-ఎక్స్‌కు. కొత్తపట్నానికి ఏది మిగిలితే అది.

లెక్క ముందే చూసుకోండి. కార్ట్రిడ్జులో ఉండేది 50 అడుగులు, 3,600 ఫ్రేములు. సెకనుకు 18 చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది, 24 చొప్పున రెండున్నర నిమిషాలే. పంచె మీద చూసేది మీ ప్రొజెక్టరు వేగానికి తగ్గట్టు 18లో తీయాలి, లేకపోతే మనుషులు నీళ్లలో నడిచినట్టు కనిపిస్తారు. ఒక్కో షాటు పది సెకన్లనుకుంటే కార్ట్రిడ్జుకు ఇరవై షాట్లు, రెండింటికీ కలిపి నలభై, అంటే మీ అయిదు చోట్లలో చోటుకు ఎనిమిది. ఆ ఎనిమిదింటిలో ఒకటి ఊరి పేరున్న బోర్డుకు ఖర్చు చేయకండి, అది ప్రతి ట్రావెల్ సినిమాలోనూ ఉంటుంది. కెమెరాను పక్కకు తిప్పాలనుకుంటే, ఒక చెట్టు ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టేంత నెమ్మదిగా తిప్పండి. కోట గోడల మీద అంతకంటే వేగంగా తిప్పితే రాళ్లన్నీ అదురుతాయి.

ఇస్కపల్లిలో మీటరు చెప్పినట్టు వినకండి. అది ఎదుట ఉన్నదంతా సగటు బూడిద రంగు అనుకుంటుంది కనుక, తెల్లటి ఉప్పు కుప్పలను చూడగానే ఎపర్చరు మూసేస్తుంది. ఉప్పు మురికిగా, పనిచేసే మనిషి ముఖం నల్లగా వస్తాయి. అదే ఎండ పడుతున్న గట్టు మీది పచ్చికకు కెమెరా గురిపెట్టి వచ్చిన అంకెను మాన్యువల్‌లో బిగించి, తర్వాత ఉప్పు వైపు తిరగండి. దారిలో చీమకుర్తి గ్రానైటు క్వారీ వైపు వెళ్తే దీనికి సరిగ్గా తలకిందుల సమస్య వస్తుంది, నల్లరాతిని మీటరు బూడిద రంగు చేసేస్తుంది. అక్కడా పచ్చికే గతి. మీ మీటరు ఒక స్టాపు ఎక్కువ ఇస్తోందన్నారు, 50డికి దానిని అలాగే వదిలేయండి, నెగటివ్‌కు అది మేలే. ట్రై-ఎక్స్‌కు మాత్రం ఒక స్టాపు తప్పనిసరిగా తగ్గించండి. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలున్నాయి; లోపలి చీకటిని తీయాలని ఫిల్ము పాడుచేసుకోకుండా, పొద్దుటి ఏటవాలు వెలుగు స్తంభాల మీద పడేటప్పుడు బయటనుంచి తీయండి. స్టాండు మీద పెట్టి కన్ను తీసేస్తే ఐపీస్‌లోంచి వెలుతురు దూరి మీటరును మోసం చేస్తుంది, తువ్వాలు కప్పండి.

ఇంట్లో కడగడం అయ్యే పనే. సోవియట్ కాలపు లోమో ట్యాంకు (ఫిల్ము కడిగే డబ్బా) ఒకటి సంపాదిస్తే 15 మీటర్ల ఫిల్ము చుట్టలో పడుతుంది. చిక్కంతా నీళ్లతోనే. చాలా రసాయనాలకు సూచనలు 20 డిగ్రీలకు రాసి ఉంటాయి, మన కుళాయి నీళ్లు పుష్యమాసంలో కూడా అంత చల్లగా ఉండవు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో వేసవిలో ఈ పని పెట్టుకుంటే ఫిల్ము మీది జెలటిన్ మెత్తబడి ముడతలు పడుతుంది. ఐసు ముక్కలు వేసిన తొట్టిలో సీసాలు నిలబెట్టి, థర్మామీటరు చూసుకుంటూ జనవరిలోనే ముగించండి. మొదటిసారి మాత్రం ప్రయాణపు ఫిల్ము మీద కాకుండా వేరే పాత ముక్క మీద ప్రయత్నించండి.

కావలి రిపేర్లు:

ఫిల్ము ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు కనుక ఒక మాట. బయటికి తీశాక రేకు కవరు విప్పకుండా ఒకటి రెండు గంటలు గది వేడికి రానివ్వండి, లేకపోతే మన తేమకు ఫిల్ము మీద చెమ్మ పడుతుంది. ఎండలో నిలిపిన కారులో ఒక పూట ఉంచినా రంగులు మారతాయి. థర్మోకోల్ పెట్టె తీసుకెళ్లండి, ఐసు మాత్రం అందులో వద్దు. కార్ట్రిడ్జు గేటులో (ఫిల్ము కనిపించే చిన్న కిటికీలో) చూసినప్పుడు ఫిల్ము మీద “ఎక్స్‌పోజ్డ్” అని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే కార్ట్రిడ్జు అయిపోయినట్టు.

50డి కడిగించేటప్పుడు ల్యాబుకు ముందే ఫోన్ చేసి, 8 మిల్లీమీటర్ల ఫిల్ము కడిగే ఏర్పాటు ఉందా, ఈసీఎన్-2 (సినిమా నెగటివ్ కడిగే) పద్ధతేనా, స్కాన్ కూడా వాళ్లే చేస్తారా అని అడగండి. మామూలు ఫోటో స్టూడియో కలర్ ల్యాబులో ఇవ్వకండి, అది వేరే రసాయనం. పార్సిల్ విమానంలో పోయే కంటే మనిషి చేతిలో రైలులో వెళ్లడం మేలు. విమానమే ఎక్కాల్సివస్తే లగేజీలో వేయకండి, చేతి సంచిలోనే పెట్టుకుని చేత్తో తనిఖీ చేయమని అడగండి, కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మును పాడు చేయగలవు. చెన్నైలో మెట్రో ఎక్కినా సంచి స్కానరులో పెట్టమంటారు. 50 స్పీడు ఫిల్ముకు మామూలు ఎక్స్‌రేతో పెద్ద ప్రమాదం లేదు గాని, స్టేషను నుంచి ఆటో ఎక్కితే ఆ బెంగ కూడా ఉండదు.