అంటువ్యాధి రాకముందే చేయగలిగినవి: మీ ఇంట్లో నిలిచిన అలవాట్లు చెప్పండి

ఉదయకిరణం:
2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా పేర్కొన్న తర్వాత అందరం ఎన్నో అలవాట్లు చేసుకున్నాం. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక వాటిలో చాలావరకు వదిలేశాం. మా ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారు. మరో వ్యాధి తలెత్తినప్పుడు కంగారు పడేకంటే ఇప్పటినుంచే జాగ్రత్తగా ఉండాలని నా ఆలోచన. మీరు చేస్తున్నవాటిలో నిజంగా ఫలితం ఇచ్చేవి ఏవి?

వార్డు_నర్సు:
అన్నిటికన్నా ముందు చేతులు. 1847లో వియన్నాలోని ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, పురుడు పోసే ముందు చేతులు క్లోరిన్ ద్రావణంతో కడుక్కోవాలని నియమం పెట్టాడు. అంతకుముందు ఏడాది ఆ వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోయారు. 1848 నాటికి అది ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. సూక్ష్మక్రిముల వల్ల రోగాలు వస్తాయని అప్పటికి ఇంకా రుజువు కాలేదు.

అయితే కడుక్కునే తీరు ముఖ్యం. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ల చేతులకు అతినీలలోహిత కాంతిలో మెరిసే ద్రవం పూసి, కడుక్కుని రమ్మంటాం. తర్వాత ఆ దీపం కింద పెడితే అరచేతులు శుభ్రంగా కనిపిస్తాయి. బొటనవేలి చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచున మాత్రం మెరుపు అలాగే ఉంటుంది. అది కళ్లారా చూసినవాళ్లకు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. సబ్బుతో కనీసం 20 సెకన్లు, ముఖ్యంగా ఆ మూడు చోట్లా రుద్దండి. ఇంకొక మాట: వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. దానికి సబ్బు, నీళ్లే దారి.

లెక్కలమాస్టారు:
చేతులు కడుక్కోవడం మంచిదే, కాదనను. కానీ కొత్త వ్యాధులు పుట్టేది అడవులు నరికినచోట, అడవి జంతువుల వ్యాపారం జరిగేచోట. అక్కడ ఏమీ మారకుండా ఇంట్లో మనం ఎంత జాగ్రత్తపడితే ఏం ఉపయోగం?

పశువైద్యం:
మాస్టారూ, మీ మాటలో సగం నిజం. కొత్తగా తలెత్తుతున్న అంటువ్యాధుల్లో నాలుగింట మూడు వంతులు జంతువుల నుంచి వచ్చినవే. 1998–99లో మలేషియాలో నిఫా అలాగే బయటపడింది. పందుల కొట్టాల పక్కనే పండ్లతోటలు ఉండేవి. గబ్బిలాలు సగం కొరికిన పండ్లు కింద పడేవి, పందులు తినేవి. పందుల నుంచి వాటిని పెంచేవాళ్లకు సోకింది. వందమందికి పైగా చనిపోయారు, పది లక్షలకు పైగా పందులను చంపాల్సి వచ్చింది.

కానీ అడవి జంతువుల వ్యాపారం నడిచేది కొనేవాళ్లు ఉండబట్టే కదా. ముచ్చటపడి అడవి పక్షినో జంతువునో తెచ్చి పెంచుకోకపోవడం మన చేతిలో పనే. చచ్చిపడిన పక్షిని ఉత్త చేతులతో ముట్టుకోకండి. పచ్చిపాలు తాగకండి: 2024లో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు వాటి పాలలోనూ వైరస్ దొరికింది. పాశ్చరీకరణ చేస్తే అది చస్తుంది. ఇక పెంపుడు కుక్కకు రేబిస్ టీకా ఏ ఏడూ వాయిదా వేయకండి. కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు వెళ్లాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

మేడమీదిమొక్క:
నాకు మొక్కలంటే ప్రాణం, అందుకే దోమల సంగతి చెబుతాను. డెంగీ మోసే ఏడిస్ దోమ మురికి కాలువకన్నా ఇంట్లోని మంచి నీళ్లనే ఇష్టపడుతుంది. కుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, మూత సరిగా పడని డ్రమ్ము చాలు దానికి. నీళ్లు పారబోస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడ మీద. టార్చి వేసి చూస్తే మిరియపు పొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. ఎండినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోయడంతో పాటు లోపలి గోడలను బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఆ గడువు దాటనివ్వకూడదు.

ముగ్గురిఅమ్మ:
పిల్లలకు జలుబు చేసిన ప్రతిసారీ పాత చీటీ మీద యాంటీబయాటిక్ తెచ్చి వేసెయ్యమని ఇంట్లో ఒత్తిడి. దానికీ అంటువ్యాధులకీ సంబంధం ఉందా?

వార్డు_నర్సు:
చాలా ఉందమ్మా. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. అనవసరంగా వాడిన ప్రతిసారీ ఒంట్లోని బాక్టీరియాలో మందుకు లొంగనివే మిగిలి పెరుగుతాయి, ఇతరులకూ చేరతాయి. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. పాత చీటీ పక్కన పెట్టండి. జ్వరం తగ్గకపోయినా, బిడ్డ ఆయాసపడుతున్నా డాక్టరుకు చూపించండి.

లెక్కలమాస్టారు:
పశువైద్యం గారి మాట ఒప్పుకుంటున్నాను. టీకాల గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక చిన్న లెక్క. ఎవరికీ రక్షణ లేనిచోట తట్టు ఒక రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. ఆ 18 మందిలో 17 మందికి రక్షణ ఉంటే ఒక్కరికే సోకుతుంది, వ్యాధి పెరగదు. 18లో 17 అంటే నూటికి 94 దాటుతుంది. 95 శాతం మందికి రెండు డోసులు అందాలని పట్టుబట్టేది ఇందుకే. నూటికి పదిమంది టీకా మానేసినా చాలు, ఒకరి నుంచి ఒకరికి వ్యాధి సోకే గొలుసు తెగదు. దెబ్బ తగిలేది టీకా వయసు రాని పసివాళ్లకు.

షిఫ్టు_ఇన్‌చార్జి:
ఇవన్నీ చేసే మనుషులే జ్వరంతో పనికి వస్తారు. నేను రోజూ చూసే సమస్య ఇది. ఫ్లూ వచ్చిన మనిషి లక్షణాలు కనబడటానికి ఒకరోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలడు, ఆ పైన ఇంకో అయిదారు రోజులు. జీతం పోతుందని భయపడేవాడికి ‘ఇంట్లో ఉండు’ అని నీతి చెప్పి లాభం లేదు. మా విభాగంలో ఒకరి పని ఇంకొకరికి నేర్పించాం, జ్వరం సెలవుకు జీతం కోయకూడదని యాజమాన్యంతో వాదించి ఒప్పించాం. ఇప్పుడు జ్వరం వచ్చినవాళ్లు దాచకుండా ఫోను చేస్తున్నారు. మీలో ఎవరి కింద నలుగురు పనిచేస్తున్నా దయచేసి ముందు ఈ ఏర్పాటు చేయండి.

వార్డు_నర్సు:
నూటికి నూరుపాళ్లు. బి/యమగాటా అనే ఫ్లూ రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా సహజంగా సోకినట్టు నిర్ధారణ కాలేదు. మాస్కులు, తగ్గిన ప్రయాణాలు, ఇంటిపట్టున ఉండటం దానికి దారి మూసేశాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. టీకా తయారీలో ఇక దాన్ని చేర్చనవసరం లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది కూడా.

ఉదయకిరణం:
ఇది నాకు తెలియదు, చాలా ధైర్యం వచ్చింది. ఒక్క సందేహం: ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే పెద్దవాళ్లకు సోకకుండా ఏం చేయాలి? విడిగా గది లేదు.

వార్డు_నర్సు:
ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. జలుబు చేసినవాళ్లను గాలి బయటకు పోయే వైపు పడుకోబెట్టండి. దగ్గరికి వెళ్లేటప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఏటా ఇచ్చే ఫ్లూ టీకా ఈ ఏడాది వేయించారా? లేకపోతే ఈ వారమే డాక్టరును అడగండి.