కాలనీ చెరువుకు సుందరీకరణ నిధులు వచ్చాయి: నడకదారీ కావాలి, పక్షులూ మిగలాలి. ఏం అడగాలి?

చెరువుగట్టు_వాసి
హైదరాబాద్ శివారులో మా కాలనీ వెనకాల నలభై ఎకరాల పైచిలుకు చెరువుంది. ఇన్నాళ్లకు నిధులు మంజూరయ్యాయి. త్వరలో కాలనీ సంఘాలను పిలిచి అభిప్రాయాలు అడుగుతారట. నమూనా బొమ్మ చూశాను. చుట్టూ రాతి గోడ, గోడ మీద వాకింగ్ ట్రాక్, రంగుల లైట్లు, నడుమ ఫౌంటెన్, ఒక మూల బోటింగ్. నడకదారి మాకూ కావాలి. పెద్దవాళ్లు పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద లారీల పక్కన నడుస్తున్నారు. కానీ చలికాలంలో బాతులు దిగేదీ, నీళ్లు తగ్గాక ఎర్రకాళ్ల కొంగలు మేసేదీ పడమటి వైపు లోతులేని బురదలోనే. బొమ్మలో సరిగ్గా అక్కడే పార్కింగ్ పెట్టారు. మీ దగ్గర చెరువులు బాగుచేసినప్పుడు ఏం జరిగిందో చెప్పండి.

పాత_ఇంజనీరు
చిన్ననీటి పారుదలలో పనిచేసి రిటైరయ్యాను. ట్రాక్ సంగతి తర్వాత. ముందు ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత చూపే మ్యాపు అడగండి, హద్దురాళ్లు ఎక్కడ పాతారో స్వయంగా నడిచి చూడండి. 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా వదలాలి. మీది అందులోకే వస్తుంది. పార్కింగ్ ఆ గీత లోపల పడితే కాగితం మీదే ఆపించవచ్చు.

రెండోది మురుగు. "నాలాను మళ్లిస్తాం" అంటారు. వినడానికి బాగుంటుంది. మళ్లింపు పైపులో మురుగుతో పాటు వాన నీళ్లు కూడా చెరువును దాటి పోతే, గోడ, లైట్లు మిగులుతాయి, చెరువు ఎండుతుంది. నాలా చెరువులో కలిసే చోట చిన్న అడ్డుకట్ట కట్టాలి. మామూలు రోజుల్లో పారే మురుగు పైపులోకి పోవాలి, వాన వరద అడ్డుకట్ట దాటి చెరువులోకి రావాలి. ఆ డ్రాయింగు చూపించమనండి.

లకుముకి
అన్నా, రాతి గోడ గురించి గట్టిగా మాట్లాడండి. నిట్టనిలువు గోడ కడితే ఒడ్డు అనేదే ఉండదు. ఉల్లంకులు, కొంగలు నిలబడి మేయడానికి జానెడు లోతు నీళ్లు చాలు, మరీ లోతైతే వాటికి పనికిరాదు. బుడబుంగలు, బొల్లికోళ్లు జమ్ము మధ్య గూళ్లు కడతాయి. తాబేలు గోడెక్కి గుడ్లు పెట్టలేదు, నీళ్లలో పడిన కుక్కపిల్ల కూడా బయటికి రాలేదు. కట్ట వైపు రాతి కట్టడం అవసరమే, అది కట్ట భద్రత. మిగతా మూడు వైపులా మట్టి ఒడ్డు మెల్లగా వాలుతూ నీళ్లలోకి దిగాలి.

పూడిక తీసేటప్పుడు కూడా చెరువంతా ఒకే లోతుకు చెక్కనివ్వకండి. నడుమ లోతు, పడమట పలుచన. పని ఎండాకాలంలో ముగించాలి. అక్టోబరు, నవంబరు నాటికి వలస బాతులు దిగడం మొదలవుతుంది, మార్చి దాకా జేసీబీ రాకూడదు.

మన హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. దేశంలో నగర చెరువుకు అలాంటి గుర్తింపు అదే మొదటిది. అయినా చుట్టూ కాలనీలు పెరగడం ఆగలేదు. అందుకే గుర్తింపు బోర్డు కన్నా పాత_ఇంజనీరు సార్ చెప్పిన మురుగు పైపే ముఖ్యం అంటాను.

సంధ్య_నడక
పక్షుల మీద నాకూ ప్రేమే. కానీ చీకటి పడ్డాక ఆడవాళ్లం నడవగలిగే చోటు ఊళ్లో ఎక్కడుంది? లైట్లు వద్దంటే పార్కు మగవాళ్లకే మిగులుతుంది. టాయిలెట్ కూడా అడగండి, బొమ్మల్లో ఎప్పుడూ మరిచిపోతారు. బతుకమ్మకు మెట్ల ఘాట్ కావాలి. అది కట్ట వైపే పెట్టించండి. వినాయక నిమజ్జనానికి మాత్రం విడిగా కుంట తవ్వాలి, రంగులు, ప్లాస్టర్ చెరువులో కలవకూడదు.

లకుముకి
అక్కా, మీరన్నది న్యాయం. లైట్లు వద్దనడం లేదు. మోకాలి ఎత్తు స్తంభాలు, పసుపు వెలుగు, కాంతి దారి మీదికి మాత్రమే పడేలా ఉంటే చాలు. నీళ్ల మీదికి కొట్టే రంగుల ఫోకస్ లైట్లు వద్దు. నడకదారి మూడు వైపులా ఉండి, పడమటి వైపు మాత్రం ఒక మంచె దగ్గర ఆగిపోవాలి. చుట్టూ తిరిగే ట్రాక్ వేస్తే పక్షికి భయం లేని ఒడ్డు ఒక్కటీ మిగలదు.

జక్కూరు_తెలుగు
బెంగళూరు నుంచి. మా జక్కూరు చెరువులోకి వచ్చేది చాలావరకు శుద్ధి చేసిన మురుగునీరే. ముందు శుద్ధి కేంద్రం, తొలుత దాని సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు. అక్కడి నుంచి నీళ్లు నేరుగా చెరువులోకి రావు. జమ్ము, నీటి మొక్కలు పెరిగిన మడుగుల్లో మెల్లగా పారి, మిగిలిన నత్రజని, భాస్వరం అక్కడ వదిలి వస్తాయి. గూడబాతులు (పెలికాన్లు) దిగుతాయి, జాలర్లు చేపలు పడతారు, జనం నడుస్తారు. ఒక్క జాగ్రత్త: జమ్మును ఎప్పటికప్పుడు కోసి బయట వేయాలి. అక్కడే కుళ్లితే పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే పోతుంది. ఆ కోతకు ఏటా డబ్బు ఎవరిస్తారో ఇప్పుడే రాయించుకోండి.

వలబుట్ట
మాది గంగపుత్రుల ఇల్లు. అందరూ పక్షులంటున్రు, మా చేపల సొసైటీని ఎవరన్న అడిగిన్రా? చెరువు బాగైనంక గేటు పెట్టి టికెట్టు పెడితే మేం వల ఏడ వెయ్యాలె? మీ మీటింగుకు మావోళ్లను పిలువుండ్రి. చెరువు సంగతి మాకు తెలిసినంత కాంట్రాక్టరుకు తెల్వదు. తొలకరి వానకు చేపలు తేలితే ఎవరో మందు కలిపిన్రంటరు. నాలాల పేరుకున్న మురికంత ఒక్కసారి కొట్టుకొస్తది, అడుగు బురద లేస్తది, నీళ్ల గాలి అయిపోతది. తెల్లారేసరికి బొచ్చె చేపలన్నీ మీదికొస్తయి. ఫౌంటెన్ పెడితే దాని చుట్టు నాలుగు గజాలకే గాలి. నాలా నోట్ల జాలీ పెట్టి, వానలు పడకముందే నాలా తియ్యమని అడుగుండ్రి.

చెరువుగట్టు_వాసి
వలబుట్ట అన్నా, మీ మాట నిజం, మేం పిలవలేదు. ఈ ఆదివారమే సొసైటీ పెద్దలను కలుస్తాం. ఇంకో సందేహం. సగం చెరువు గుర్రపు డెక్క. యంత్రంతో తీసేస్తే సరిపోతుందా? తేలే తెప్పల గురించి కూడా విన్నాను.

కనకాంబరం
తీయాల్సిందే, కానీ గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మురుగు ఆగకపోతే మళ్లీ కమ్ముతుంది. అందుకే తొలగింపు ఒక్కసారి పని అని కాంట్రాక్టులో రాస్తే ఒప్పుకోకండి, కొన్నేళ్ల నిర్వహణ ఉండాలి. తెప్పల విషయానికి హైదరాబాద్‌లోనే ఉన్న నెక్నాంపూర్ చెరువు చూసి రండి. 2018లో అక్కడ సుమారు 3,000 చదరపు అడుగుల తెప్ప దింపారు. వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కల వేళ్లు నీళ్లలోకి వేలాడుతూ మాలిన్యాన్ని పీలుస్తాయి. పక్షులు వాలతాయి, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. కానీ నాలా మురుగంతటినీ తెప్ప మోయలేదు.

థేమ్స్_ఒడ్డు
లండన్‌లో ఉంటాను. ఇక్కడి వెట్‌ల్యాండ్ సెంటర్, అంటే పక్షుల కోసం ఉంచిన మడుగుల చోటు, ఒకప్పుడు కాంక్రీటు గోడల నీటి రిజర్వాయర్లు, నాలుగు. పనికిరాకుండా పోయాక ఒక పక్క స్థలంలో ఇళ్లు కట్టి, ఆ డబ్బు కలిపి మిగతాదాన్ని మడుగులుగా మార్చి 2000లో తెరిచారు. మడుగుల నీటిమట్టాన్ని కాలాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. జనం చెక్క గదుల్లోంచి సందుల గుండా చూస్తారు. టికెట్టు ఖరీదు మాత్రం ఎక్కువ. అది మన కాలనీ చెరువుకు అసలు వద్దు.

పాత_ఇంజనీరు
నీటిమట్టం మాట బాగా గుర్తుచేశారు. కింద ఆయకట్టు సాగైన రోజుల్లో తూము తీస్తే వేసవికి చెరువు తగ్గి బురద తేలేది. కొంగల మేత అదే. ఇప్పుడు చాలా చెరువుల కింద పొలాల్లో ప్లాట్లు, తూము మూసేశారు, మురుగుతో ఏడాదంతా నిండే ఉంటుంది. మీ కోరికల పత్రంలో తూము మరమ్మతు మొదటి వరుసలో రాయండి. అలుగు కింద కాలువ ఎవరైనా పూడ్చారా అన్నది కూడా చూసి రండి, తూము తీసినా నీళ్లు పోవడానికి దారి ఉండాలి కదా.