రోమన్ కోటను తిరిగి కట్టాలా, శిథిలంగానే ఉంచాలా?

బాటసారి:
ఈ వేసవిలో పిల్లలతో జర్మనీ వెళ్లి, బాద్ హోంబుర్గ్ దగ్గర రోమన్ల సరిహద్దు కోట జాల్‌బుర్గ్ చూశాం. ద్వారాలు, ప్రాకారం, ధాన్యాగారం అన్నీ నిటారుగా ఉన్నాయి. తీరా అడిగితే, 1897–1907 మధ్య రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి అండతో తిరిగి కట్టినవట! నిరుడు ఇంగ్లండులో రోమన్ల సరిహద్దు గోడ అయిన హాడ్రియన్ గోడ వెంట ఉన్న హౌస్‌స్టెడ్స్ కోటలో మొండి గోడలే చూశాం, కానీ అక్కడే నాకు ఒళ్లు జలదరించింది. పాత పునాదుల మీద కొత్త కోట లేపడం న్యాయమేనా?

గోదారిగట్టు:
పిల్లలకు ఏది నచ్చిందో రాయలేదు మీరు! మొండి గోడలు చూసి, వందల మంది సైనికులు మసలిన కోటను ఊహించుకోవడం అందరి వల్లా కాదు. పైగా హౌస్‌స్టెడ్స్ పరిసరాల్లో హాడ్రియన్ గోడ కొంత మేర 19వ శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే భూస్వామి మనుషులు కూలిన రాళ్లను ఏరి పేర్చినదే. మీ ఒళ్లు జలదరించింది ఏ రాళ్లను చూసో మరి.

రాతిపలక:
రెండూ ఒకటి కావండీ. క్లేటన్ అక్కడి రాళ్లనే పేర్పించాడు, లేని బురుజులు ఊహించి కట్టించలేదు. జాల్‌బుర్గ్‌లో రాళ్లు బయటికి కనిపించేలా వదిలేశారు. అసలు కోట గోడకు తెల్లని పూత, దాని మీద రాతి వరుసల్లా ఎర్ర గీతలు ఉండేవి. ప్రాకారం తలమీది దిమ్మెలనూ మరీ దగ్గరదగ్గరగా పెట్టారు. వందేళ్లుగా జనం మనసులో ఆ తప్పుడు బొమ్మే నిలిచింది. అందుకే పాత కట్టడాల పరిరక్షణ గురించిన 1964 నాటి వెనిస్ ఒడంబడిక, తవ్విన చోట విడిపోయిన అసలు భాగాలను కలపడం తప్ప కొత్తగా కట్టవద్దంది.

గోదారిగట్టు:
ఆ తర్వాతే కదా, 1980లలో, ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్‌లో రోమన్ల అర్బేయా కోట పడమటి ద్వారాన్ని అసలు చోటనే కట్టారు!

రాతిపలక:
కట్టినంత మాత్రాన ఒప్పయిపోదు. హాడ్రియన్ గోడ దగ్గరి మరో రోమన్ కోట విండొలాండాలో ఆ గోడ నమూనాను విడిగా కట్టారు. గాలి చొరని అక్కడి తడి మట్టిలో 1973 నుంచి చెక్క పలకల మీది ఉత్తరాలు బయటపడుతున్నాయి. పుట్టినరోజుకు రమ్మని ఒకావిడ స్నేహితురాలికి రాసినదీ వాటిలో ఉంది. ఆ మట్టిలో ముందే కొత్త పునాదులు దింపి ఉంటే?

బాటసారి:
క్లేటన్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. పిల్లలను అడిగాను. పెద్దవాడు జాల్‌బుర్గ్ ద్వారమే అన్నాడు. చిన్నది మాత్రం హౌస్‌స్టెడ్స్ మరుగుదొడ్డి అంది. కూర్చునే పీటలు ఎప్పుడో పోయాయి, లోతైన కాలువ, దాని ముందు నీళ్లు పారిన సన్నని రాతి కాలువ మిగిలాయి. ఆ రెండింటినీ బట్టి సైనికులు ఎలా కూర్చునేవారో సోఫా మీద చేసి మరీ చూపించింది.