వడ్లు ఉన్నాయి, అన్నం ఉంది: ఇంగ్లీషులో లెక్కకు రాని నామవాచకాలపై చర్చ

కావలి విద్యార్థిని:
నిరుడు ఒక ఇంటర్వ్యూలో "ఐ నీడ్ సమ్ ఇన్ఫర్మేషన్స్" అన్నాను. ఎదురుగా కూర్చున్న ఆయన ఆ మాటను చివరి ఎస్ లేకుండా మళ్లీ పలికి, తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అడ్వైస్, లగేజి, ఫర్నిచర్ వంటి మాటలకు బహువచనం లేదని బట్టీ పట్టాను గానీ, సలహాలు, సామాన్లు అని నిత్యం అనే నోటికి అది పట్టుబడడం లేదు. మీరు దీన్ని ఎలా నేర్చుకున్నారు?

నెల్లూరు ఇంగ్లీషు మాస్టారు:
అమ్మా, వస్తువును చూసి లెక్కకు వస్తుందో రాదో తేల్చుకోబోతే చిక్కే. నీళ్లను ఒకటి, రెండు అని ఎవరూ లెక్కపెట్టలేరు, అయినా తెలుగులో ఆ మాట ఎప్పుడూ బహువచనమే కనుక, "ఎన్ని నీళ్లు తాగావు" అనే అలవాటు కొద్దీ మా పిల్లలు ఏటా "హౌ మెనీ వాటర్", "వాటర్ ఆర్ కోల్డ్" అని రాస్తూనే ఉంటారు. గాదెలో వడ్లు ఉన్నాయి, వండితే అన్నం ఉంది. గింజ ఒకటే, మాటతోపాటు క్రియ మారింది. ఇంగ్లీషులోనూ వీట్ ఏకవచనం, ఓట్స్ బహువచనం. బటాణీలకు పూర్వం పీజ్ అనే లెక్కకు రాని మాట ఉండేది. దాని చివరి ధ్వనిని జనం బహువచన ప్రత్యయంగా భావించడం వల్లనే 17వ శతాబ్దంలో పీ అనే ఏకవచనం పుట్టింది. కాబట్టి మాటను దాని క్రియతో కలిపి, "ది న్యూస్ ఈజ్ గుడ్" అన్నట్లు, వాక్యంగానే నేర్చుకోండి.

ఇందుకూరుపేట రైతుబిడ్డ:
మాస్టారూ, నాకు దారి చూపింది మా పుట్టి. మా వైపు 850 కిలోలు ఒక పుట్టి. మూడు పుట్ల వడ్లు అన్నప్పుడు లెక్క పుట్టికే గాని గింజకు కాదు. "త్రీ పీసెస్ ఆఫ్ అడ్వైస్" అన్నా అంతే, అక్కడ ఎస్ కొలమానానికి చేరుతుంది.

చీమకుర్తి గుమాస్తా:
నేను గ్రానైట్ ఎగుమతి ఉత్తరాలు రాస్తాను. ఒకసారి "ట్వెల్వ్ గ్రానైట్స్" అని రాస్తే, పన్నెండు పలకలా, పన్నెండు రకాలా అని కొనుగోలుదారు తిరిగి అడిగారు, ఎందుకంటే ఇటువంటి మాటకు ఎస్ చేరిస్తే రకాలు అనే అర్థం వస్తుంది. అప్పటి నుంచి "ట్వెల్వ్ స్లాబ్స్ ఆఫ్ గ్రానైట్" అనే రాస్తున్నాను.

కావలి విద్యార్థిని:
మరి హెయిర్ సంగతి ఏమిటండీ?

నెల్లూరు ఇంగ్లీషు మాస్టారు:
జుట్టు అనే అర్థంలో "మై హెయిర్ ఈజ్ లాంగ్" అనాలి. అన్నంలో వచ్చిన వెంట్రుకైతే "ఎ హెయిర్", రెండు వస్తే "టూ హెయిర్స్".