సర్కారు సేవలన్నీ ఫోన్లోకి వస్తున్నాయి, మరి కౌంటర్లు ఎత్తేయొచ్చా?

కృష్ణాతీరం:
సూటిగా అడుగుతున్నా. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర మొదలైనప్పుడే వాట్సాప్‌లో 161 సేవలు పెట్టారు, ఆ తర్వాత ఇంకా కలుపుతూ వచ్చారు. బిల్లుల దగ్గర్నుంచి సర్టిఫికెట్ల దాకా ఇంట్లో కూర్చునే అయిపోతుంటే ఇంకా కౌంటర్లు, వాటికి అద్దెలు, సిబ్బంది దేనికి? మన జనం ఇంకా రెడీగా లేరనే మాట నేను ఒప్పుకోను. పుచ్చకాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసి డబ్బులు కొడుతున్నారు కదా. కౌంటర్ ఉన్నన్నాళ్లూ చేయి తడపడం ఉంటుంది, అది పోవాలంటే మధ్యలో మనిషి ఉండకూడదు.

పాలమూరోడు:
అన్నా, బండి దగ్గర డబ్బులు పోకపోతే బండాయన ఎదురుగానే ఉంటాడు, ఇంకోసారి కొడతాం. అప్లికేషన్ రిజెక్ట్ అయితే ఎందుకైందని ఎవర్ని అడగాలి?

మా అమ్మ సంగతి చెప్తా. నలభై ఏళ్లు పత్తి ఏరి, కలుపు తీసి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పింఛన్ కోసం మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు. కొంగుకు తుడిచి పెడుతుంది, చూపుడు వేలు పెడుతుంది, మధ్య వేలు పెడుతుంది, వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటే టెన్షన్‌కి చేతికి చెమట పట్టి ఇంక అసలే పడదు. పోనీ ఓటీపీ అంటే ఆధార్‌కి ఉన్నది నా నంబర్, నేనుండేది హైదరాబాద్‌లో, ఆ టైంకి డ్యూటీలో ఉంటా. ఓ నెల ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆమె ఎవరో పంచే ఆయనకు చిన్నప్పట్నుంచీ తెలుసు, అయినా మిషన్ ఒప్పుకోనిదే ఇచ్చే అధికారం తనకు లేదన్నాడు.

మీసేవ ఆపరేటర్:
కౌంటర్ నడిపేవాణ్ణి కాబట్టి నాకు కనబడేది చెప్తాను. 2001లో వచ్చిన ఈసేవలో ఎక్కువగా బిల్లులే, అందుకే సాఫీగా నడిచింది. 2011లో వచ్చిన మీసేవ సర్టిఫికెట్లు కూడా ఇవ్వగలిగిందంటే, ముందు ఆఫీసుల్లో రికార్డులు కంప్యూటర్‌కెక్కించి అధికారులకు డిజిటల్ సంతకం ఇచ్చారు కాబట్టి. జనం రెడీయా అని అందరూ అడుగుతారు, రికార్డు రెడీయా అని అడిగేవాళ్లు తక్కువ. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, రేషన్ కార్డులో ఇంకోటి, పదో తరగతి మెమోలో మూడోది. లక్ష్మి చివర ఐ పెట్టారా వై పెట్టారా అన్నదాని మీద ఒక పిల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయి నా కౌంటర్ ముందే ఏడ్చింది. వాట్సాప్‌లో పెట్టినా వెళ్లేది ఆ రికార్డు దగ్గరికే.

కృష్ణాతీరం:
రికార్డే తప్పైనప్పుడు కౌంటర్‌లో మనిషి ఉండి మాత్రం ఏం లాభం?

పాలమూరోడు:
తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి చూడన్నా. 2020 అక్టోబర్ 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్చడం, రెండూ ఒకే చోట, ఒకే రోజు, అది మంచిదే. కానీ పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయినా మండలంలో ఉన్న తహసీల్దార్ దిద్దలేకపోయాడు. ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది, జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. చివరికి చట్టమే మార్చి 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చి, అప్పీలుకి దారి పెట్టాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా తప్పు దిద్దే మనిషి అందుబాటులో లేకపోతే రైతు ఏళ్ల తరబడి తిరగాల్సిందే. ఆ మనిషిని ముందు కూర్చోబెట్టండి, తర్వాత ఎన్ని యాప్‌లైనా తేండి.

మీసేవ ఆపరేటర్:
లంచం గురించి కూడా ఒక మాట, కృష్ణాతీరం గారూ. కౌంటర్ ఎత్తేస్తే మధ్యలో మనిషి పోడు, జిరాక్స్ షాపులోకి మారతాడు. ఫోన్ వాడటం రానివాళ్లు అక్కడే వందో రెండొందలో ఇచ్చి అప్లై చేయించుకుంటారు, ఓటీపీ కూడా అతనికే చెప్పేస్తారు. నా దగ్గర రేట్ల బోర్డు ఉంటుంది, రసీదు ఇస్తాను, తేడా వస్తే నా మీద కంప్లయింట్ పెట్టొచ్చు. జిరాక్స్ షాపు మీద ఎక్కడ పెడతారు?

కృష్ణాతీరం:
ఆ షాపుల సంగతి నాకు తట్టలేదు, మా వీధిలోనే రెండున్నాయి. సరే, కౌంటర్ ఉండనివ్వండి. కానీ ఒక షరతు. అప్లికేషన్ తిరస్కరిస్తే ఏ అధికారి తిరస్కరించారో, ఏ కాగితం తక్కువైందో, ఎవర్ని కలవాలో తెలుగులో ఫోన్‌కి రావాలి. దానికి మీ ఇద్దరికీ అభ్యంతరం ఉందా?