నాన్న కంప్యూటర్ నత్తనడక, మూలన యాడ్ల గోల: ఫార్మాట్ కొట్టక తప్పదా?

సత్యనారాయణపురం కుర్రాడు | ఆదివారం రాత్రి 10.40
అందరికీ నమస్కారం. నాన్న వాడే డెస్క్‌టాప్ గురించి. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. స్విచ్ వేసి కాఫీ పెట్టుకుని తాగొచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్రోమ్ తెరిస్తే ఎవరిదో తెలియని సెర్చ్ పేజీ. కుడివైపు కింద మూలన నిమిషానికోసారి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర బొమ్మ. నాన్న భయపడి దాన్నే నొక్కుతున్నారు.

ఆయన ఇంట్లోనే పెళ్లి కార్డులు, కరపత్రాలు డిజైన్ చేస్తారు. శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఫార్మాట్ అంటే ఒప్పుకోవడం లేదు, కార్డులు కొట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, దాంట్లో వాడే అను తెలుగు ఫాంట్లు మళ్లీ ఎక్కవేమోనని టెన్షన్. అవి అప్పట్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపేసి ఎక్కించారు. ఫార్మాట్ లేకుండా పోతుందా? ర్యామ్ పెంచితే చాలా? ఏ యాంటీవైరస్ వేయాలి?

బ్రాడీపేట 4వ లైను | ఆదివారం రాత్రి 10.58
మూలన వచ్చేది వైరస్ కాదు తమ్ముడూ, నోటిఫికేషన్. ఏదో సైటులో "మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి" అంటే నాన్నగారు నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ కింద ఉన్న పేర్లన్నీ తీసిపారెయ్. మా మామయ్య దాంట్లో 41 ఉన్నాయి. అందులో ఆయన కావాలని పెట్టుకున్నది ఒక్కటే, పంచాంగం సైటు.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు, అంటే క్రోమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు చూడు. సెర్చ్ పేజీ మారిందంటే "ఫ్రీ పీడీఎఫ్" లాంటి పేరుతో ఏదో ఒకటి కూర్చుని ఉంటుంది. పీకినా మళ్లీ వస్తే డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఏదైనా వెబ్ అడ్రస్ తగిలించి ఉందేమో చూడు. టైముకి ప్రోగ్రాముల్ని వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్ కూడా. చాలామంది అక్కడిదాకా వెళ్లరు.

గుంటూరు టీచరమ్మ | ఆదివారం రాత్రి 11.15
పెన్‌డ్రైవ్ అన్నారు చూడండి, నాకు ఒళ్లు మండుతోంది. పదో తరగతి ప్రశ్నపత్రం ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. నొక్కితే తెరుచుకుంటున్నాయి కాబట్టి అనుమానం రాలేదు. అలా నొక్కినప్పుడే అది ల్యాప్‌టాప్‌లోకి దూరిందట. స్కూల్లో పెడితే స్టాఫ్‌రూమ్ కంప్యూటరూ పోయింది, అందరూ నావైపే చూపు. ఫైళ్లు పోలేదు, దాచేసింది అంతే. మా తమ్ముడు ఆట్రిబ్ కమాండ్ కొడితే అన్నీ బయటపడ్డాయి. అప్పటి నుంచి షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్ నా దృష్టిలో ఎంగిలి. ఇంట్లో పెట్టనివ్వను.

కీ కొన్నవాడు | సోమవారం ఉదయం 7.05
డిఫెండర్ ఆపేసి క్రాక్, అంటే కొనకుండా నడిపే దొంగ కాపీ ఎక్కించారట, ఇప్పుడు వైరస్ వచ్చిందని ఏడుపట. తాళం తీసి దొంగని పిలిచి, బీరువా ఏదని అడుగుతున్నారు. డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్లకి ఈ బాధలు ఉండవు.

ప్రెస్సు మామ | సోమవారం ఉదయం 7.32
పొద్దున్నే నీతులా? బాబూ కీ కొన్నవాడూ, పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షనే రాలేదు. ఇప్పుడు నేను ఏ కొట్టుకెళ్లి కొనాలి? ముప్పయ్యేళ్లుగా కార్డులు కొడుతున్నా. ఫాంట్లు డబ్బులిచ్చే కొన్నాను. ఆ సీడీ పెట్టడానికి ఇప్పుడొచ్చే కంప్యూటర్లకి డ్రైవే లేదు. నెలకి ఇంత అని అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ నీ జీతానికి సరిపోతుందేమో, వంద కార్డులకి వచ్చే లాభంతో నేను కట్టలేను.

కీ కొన్నవాడు | సోమవారం ఉదయం 7.40
కట్టలేకపోతే మానేయాలి. మిరప యార్డులో మిర్చి బస్తా ఎత్తుకుపోయి "కొనలేను" అంటే ఊరుకుంటారా?

ప్రెస్సు మామ | సోమవారం ఉదయం 7.44
ఎవరిని పట్టుకుని ఎత్తుకుపోయాడంటున్నావ్? గవర్నర్‌పేటకి రా, మాట్లాడుకుందాం.

మోడరేటర్ | సోమవారం ఉదయం 8.10
ఇద్దరూ ఆపండి. క్రాక్ లింకులు అడిగినా, ఇచ్చినా పోస్టు తీసేస్తాం. ఇప్పటికే రెండు తీశాం.

ఆటోనగర్ హార్డ్‌వేర్ | సోమవారం ఉదయం 9.20
18 ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నా. ఒక్కరైనా డిస్క్ సంగతి అడిగారా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, సీపీయూ పదో పదిహేనో ఉంటే నీ సమస్యలో సగం వైరస్ కాదు. విండోస్ 10ని తిరిగే డిస్క్ మీద నడపడం అంటే ఇసుక లారీకి సైకిల్ చక్రాలు బిగించడమే. 4 జీబీ ర్యామ్ నిండగానే మిగతాదంతా డిస్క్ మీదికే నెడుతుంది, అదేమో ముసలిది. తిరిగే భాగాల్లేని డిస్క్, సాటా ఎస్ఎస్‌డీ ఒకటి వెయ్. నిమిషాల్లో ఆన్ అయ్యేది సెకన్లలో అవుతుంది. ర్యామ్ తర్వాత.

అంతకన్నా ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టి డిస్క్ ఆరోగ్యం చూడు. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఏ స్కానూ పెట్టకు, కార్డుల ఫైళ్లు వేరే డిస్క్‌కి తీసుకో. చావుకి దగ్గరపడ్డ డిస్క్ మీద ఫుల్ స్కాన్ పెట్టడం ఆయాసం ఉన్న మనిషిని ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కించడమే. స్కాన్ పూర్తయ్యేలోపు డిస్కే పోయిన కేసులు నా బల్ల మీద చూశాను.

బ్రాడీపేట 4వ లైను | సోమవారం ఉదయం 9.41
ప్రతిదానికీ ఎస్ఎస్‌డీ అనడం బెజవాడ షాపుల వాళ్లకి అలవాటు. యాడ్లు వస్తున్నాయంటే ఎస్ఎస్‌డీ ఏంటండీ? కొత్త డిస్క్‌లో కూడా అవే యాడ్లు ఇంకా తొందరగా వస్తాయి.

ఆటోనగర్ హార్డ్‌వేర్ | సోమవారం ఉదయం 9.50
గుంటూరులో టార్గెట్ చివర చూసి బాగుచేస్తారేమో. నేను పాత డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టు క్లోన్ చేయమనలేదు, చెత్త కూడా వెంట వస్తుందని తెలియనంత చిన్నపిల్లాణ్ని కాదు. కొత్తదాంట్లో విండోస్ ఫ్రెష్‌గా.

బుడమేరు పక్కన | సోమవారం మధ్యాహ్నం 1.15
మీ కంప్యూటర్ నెమ్మదిగా అయినా నడుస్తోంది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మా సీపీయూ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బురద కడిగి, ఆరబెట్టి, ఆత్రంగా పవర్ ఇచ్చాను. టిక్ టిక్ అని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. పాప అన్నప్రాసన ఫోటోలు అందులోనే.

ఆటోనగర్ హార్డ్‌వేర్ | సోమవారం మధ్యాహ్నం 1.30
అయ్యో, తడిసిన డిస్క్‌కి పవర్ ఇవ్వకూడదు బాబాయ్. ఆ వారం మా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పాను. పారేయలేదుగా? పారేయకండి.

బుడమేరు పక్కన | సోమవారం మధ్యాహ్నం 1.34
లేదు. దేవుడి గూట్లో ఉంది.

లైనక్స్ గుంటూరోడు | సోమవారం రాత్రి 9.05
విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత అవీ ఉండవు. నాలుగో తరం ఐ3 విండోస్ 11 జాబితాలో లేదు. హాయిగా విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేయండి, ఈ యాడ్‌వేర్ గోల చాలా తగ్గుతుంది. తెలుగు ఫాంట్లు కావాలంటే రామభద్ర, మండలి, గురజాడ, సురన్న, ధూర్జటి అన్నీ ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో ఉచితంగానే ఉన్నాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చక్కగా పనిచేస్తాయి.

ప్రెస్సు మామ | సోమవారం రాత్రి 9.22
రామభద్ర హెడ్డింగుకి బాగానే ఉంటుంది, కాదనను. మరి పాత ఫైళ్లు? అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు నాయనా. మార్చే సాఫ్ట్‌వేర్లలో వేస్తే ఒత్తులు చెదిరిపోతాయి, మళ్లీ అక్షరం అక్షరం ప్రూఫు చూడాలి. శుభలేఖలో అచ్చుతప్పు పడితే ఏమవుతుందో నీకేం తెలుసు? ఒకసారి "ప్రథమ పుత్రుడు"లో ఒక్క ఒత్తు ఎగిరిపోయింది. 500 కార్డులు నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

గుంటూరు టీచరమ్మ | సోమవారం రాత్రి 9.30
ప్రశ్నపత్రాల్లోనూ అదే గోల అండీ. ఇంటి నుంచి పంపింది ఆఫీసులో తెరిస్తే తెలుగు అంతా బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు.

పటమట నైట్ షిఫ్ట్ | సోమవారం రాత్రి 11.48
సెక్యూరిటీ పనిలోనే ఉన్నాను కాబట్టి రెండు మాటలు. నీతి సంగతి పక్కన పెట్టండి. క్రాక్ చేసినవాడు ఊరికే ఎందుకు పంచుతాడు? వాడికీ బియ్యం కొనాలి. అందుకే వెనక ఇంకోటి పెడతాడు. కొన్ని మీ కరెంటుతో వాడికి బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణేలు తవ్వుతాయి. సీపీయూ ఫ్యాన్ పిండిమరలా అరుస్తుంటుంది, టాస్క్ మేనేజర్ తెరవగానే గప్‌చుప్. మూస్తే మళ్లీ మొదలు. ఇంకొన్ని బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఎత్తుకుపోతాయి. ఇది నెమ్మదితనం కన్నా పెద్ద విషయం, దీని గురించి ఎవరూ అడగలేదు. ఆ కంప్యూటర్‌లో నాన్నగారు బ్యాంకు తెరుస్తారా? తెరిస్తే పాస్‌వర్డులు ఫోన్‌లోంచి మార్చండి, దాంట్లోంచి కాదు.

వరస ఇది. ముందు ఫైళ్ల కాపీ. కాపీలో ఉండాల్సింది మీరు చేసిన డిజైన్లు, ఫోటోలు. ఆ పెన్‌డ్రైవ్ సెటప్‌లు వద్దు. యాడ్‌వేర్ తీసే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితం, వాళ్ల సైటు నుంచే దించుకోండి, సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కకండి. తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. డిఫెండర్ ఉండగా ఇంకో యాంటీవైరస్ కొనక్కర్లేదు. ఒకేసారి రెండు పెడితే 4 జీబీ మిషను మంచమెక్కుతుంది.

వన్‌టౌన్ వాసి | మంగళవారం ఉదయం 6.30
ఆ ఎర్ర బొమ్మలో ఫోన్ నంబరు ఉంటే మాత్రం చేయకండి. మా బాబాయ్ చేశాడు. కంపెనీ నుంచే అని చెప్పి స్క్రీన్ చూసే యాప్ పెట్టించి 19 వేలు లాగారు. అసలు మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరే ఉండదట, తర్వాత తెలిసింది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయాలి. బాబాయ్ పరువు పోతుందని రెండు రోజులు పిన్నికి కూడా చెప్పలేదు.

కీ కొన్నవాడు | మంగళవారం ఉదయం 7.00
నేను మొదట చెప్పిందే పటమట ఆయన మర్యాదగా చెప్పారు.

ప్రెస్సు మామ | మంగళవారం ఉదయం 7.02
ఆ మర్యాదే నువ్వు నేర్చుకోవాల్సింది.

సత్యనారాయణపురం కుర్రాడు | బుధవారం రాత్రి 10.15
అందరికీ థాంక్స్. నోటిఫికేషన్లలో 27 సైట్లు ఉన్నాయి, తీసేశాను. పీడీఎఫ్ పేరుతో ఎక్స్‌టెన్షన్ కూడా నిజంగానే ఉంది. సెర్చ్ పేజీ మామూలైంది. డిస్క్ మాత్రం ఇంకా 100 దగ్గరే, క్రిస్టల్‌లో పసుపు రంగు వచ్చింది. అందుకే స్కాన్లు ఆపి ముందు కాపీ పెట్టాను. 11 ఏళ్ల కార్డులు, 38 శాతం దగ్గర ఉంది, ఫ్యాను ఎదురుగా పెట్టాం. ఎస్ఎస్‌డీ రేపు తెస్తాను. పేజ్‌మేకర్ సంగతి ఇంకా తేలలేదు. శ్రావణం దాటేదాకా పాత డిస్క్‌ని నెట్ లేకుండా పక్కన పెట్టి దాంట్లోనే కొడతానంటున్నారు నాన్న.

ఇందాక "ఆ ఎర్ర బొమ్మ రావడం లేదేంట్రా, ఏమైనా పాడు చేశావా?" అని అడిగారు.

ఆటోనగర్ హార్డ్‌వేర్ | బుధవారం రాత్రి 10.31
పసుపు డిస్క్ మీద శ్రావణం దాకా అంటే ఒప్పుకోను. కాపీ అయ్యాక రెండోచోట ఇంకో కాపీ ఉంచు.

ప్రెస్సు మామ | బుధవారం రాత్రి 10.44
బాబూ, మీ నాన్నగారి ఫైళ్లలో కలశం పక్కన అరటి చెట్లుండే పాత బోర్డరు ఉందేమో చూడు. నా దగ్గరిది 2019లో డిస్క్‌తో పాటే పోయింది.

సత్యనారాయణపురం కుర్రాడు | బుధవారం రాత్రి 10.52
ఉందట అండీ. రెండు రకాలున్నాయట, అరటి గెలతోనా, గెల లేకుండానా అని అడుగుతున్నారు.